మరమ్మతు పిమ్మట ఇంజను చెప్పు మాట
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున తోట్లవల్లూరులో గావించిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ సభలయందు కావ్యములను గూర్చియో పురాణములను గూర్చియో ప్రసంగించుట ఆచారము. నేటి విషయము పాత ట్రాక్టరు ఇంజను. సరస్వతీ మందిరమున డీజిలు వాసన యేమని పెద్దలు కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వవచ్చును గాని, తోట్లవల్లూరు చుట్టుపట్ల లంకలలో చెఱకు, పసుపు, కంద, అరటి పండించు కుటుంబములకు ఏడాది కష్టము ఇల్లు చేరుట ఆ ఇంజను మీదనే ఆధారపడి యున్నది. చెఱకు నఱికిన క్షణము నుండి తూకమును తీపియు తగ్గుచునే యుండును. నఱికిన చెఱకు ట్రక్కులో నుండగా కరకట్ట మీద ఇంజను నిలిచిపోయినచో రైతు నష్టము గంటగంటకు పెరుగును.

పాత బండి మోత చేయుట వింత కాదు. వేలకు వేలు వ్యయము చేసి ఇంజను కట్టించి తెచ్చిన మఱునాడే మునుపెన్నడును లేని చప్పుడు పుట్టుట వింత. అప్పుడు రైతు మెకానిక్కును అనుమానించును. మెకానిక్కు పాత బండిని నిందించును. ఇంతలో మూడవవాడొకడు వచ్చి, "విప్పి చూస్తే సరి" అనును. ఈ మూడవవాని మాట వినుటకు సుఖముగా నుండును. వాని వలననే ఎక్కువ చెఱుపు జరుగును.

మన పూర్వులు వైద్యమున నిదానమును చికిత్సను వేఱుపఱచిరి. మాధవకరుడు వ్రాసిన నిదాన గ్రంథములో మందుల మాట లేదు. రోగ లక్షణములు, వాని కారణములు మాత్రమే యున్నవి. ఏ రోగమో తేలక ముందు మందు వెదకరాదను నియమము ఇంజనుకును చెల్లును. పైగా ఇంజను విషయమున విప్పుట యనునది పరీక్ష కాదు, శస్త్రచికిత్స. విప్పిన మఱుక్షణమున మొదటి తప్పునకు సాక్ష్యము చెదరిపోవును. తిరిగి బిగించుటలో రెండవ తప్పు దొర్లుటకు వీలు కలుగును.

ఇట్టి వృత్తాంత మొకటి చెప్పుకొనదగి యున్నది. లంకలో చెఱకు వేసిన ఒక రైతునకు ఇరువది యేండ్లు దాటిన ట్రాక్టరు ఉండెను. మూడు సిలిండర్ల డీజిలు ఇంజను. 1960లో మద్రాసున నెలకొన్న టాఫే కర్మాగారము నుండి వచ్చిన మాస్సీ ఫెర్గూసను జాతిది. దసరా వెళ్లిన పిమ్మట ఆ రైతు ఇల్లాలి గాజులు కుదువబెట్టి, ఇంజను కట్టించెను. లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు క్రొత్తవి వేసిరి. వాల్వులు నూఱించిరి. డీజిలు పంపును ఊడదీసి విజయవాడ ఆటోనగరునకు పంపి సరిచేయించిరి. పనిలో పనిగా క్లచ్చి ప్లేటు మార్చిరి.

బండి ఇంటికి వచ్చినది. స్టార్టు చేయగానే బోనెట్టు గజగజ వణకినది. ఇంజను లోపల సుత్తితో కొట్టినట్లు టక్కు టక్కుమని దెబ్బ వినవచ్చినది. మెకానిక్కు వచ్చి, "కొత్త ఇంజను కదా, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుంది" అని వెడలిపోయెను. నాలుగు దినములు గడచినను సర్దుకొనలేదు. రైతు బంధువొకడు అది బేరింగు దెబ్బయే యని నిశ్చయించెను. క్రింది ఆయిలు తొట్టి విప్పి బేరింగు మూతలు తీసి చూచిరి, దోషము కానరాలేదు. మఱల బిగించిరి, దెబ్బ అట్లే యున్నది. రెండవమాఱు విప్పిరి. ఇంతలో చెఱకు నఱకుటకు పర్మిట్టు వచ్చినది. రైతు మెకానిక్కునకు ఈయవలసిన బాకీ నిలిపివేసెను. మెకానిక్కు ఆ కోపమును తన వద్ద పని నేర్చుకొనుచున్న పదునాఱేండ్ల కుఱ్ఱవానిపై చూపెను. "బోల్టులు నువ్వే సరిగా బిగించలేదు, రేపటి నుంచి రావద్దు" అనెను.

ఆ సాయంకాలము, పూర్వము ధాన్యపు మరలో ఇంజను డ్రైవరుగా పని చేసిన వృద్ధుడొకడు ఆ దారిని పోవుచు ఆగెను. ఆ కాలపు మర ఇంజన్లు ఒంటి సిలిండరువి, నిదానమైనవి. నిమిషమునకు 650 చుట్లు తిరుగు ఇంజను 325 మాఱులు మాత్రమే పేలును. ప్రతి దెబ్బయు చెవికి విడివిడిగా అందును. అట్టి ఇంజను ప్రక్కన ముప్పది యేండ్లు కూర్చున్నవానికి దెబ్బ తప్పినచో నిద్రలో నున్నను మెలకువ వచ్చును. ఛందస్సు తెలిసినవాడు పద్యమున గణము తప్పిన చోట అర్థముతో పని లేకయే ఉలికిపడుట వంటిదే యిది.

వృద్ధుడు బండిని ముట్టుకొనలేదు. మొదట అడిగిన ప్రశ్న యిది: "ఏమేం విప్పారు బాబూ? ఒక్కటి కూడా వదలకుండా చెప్పు."

"అన్నీ విప్పారు తాతా."

"అన్నీ అంటే నాకు తెలియదు. ఒక్కొక్కటే చెప్పు."

ఈ ప్రశ్న యందే సగము వైద్యము గలదు. మరమ్మతునకు ముందు లేని చప్పుడు మరమ్మతు పిమ్మట వచ్చినచో, చేయి పడిన చోటనే దాని మూలమును ముందుగా వెదకవలెను. పంపు విప్పినచో పంపు, దాని గొట్టములు, దాని గుర్తులు. క్లచ్చి విప్పినచో ఫ్లైవీలు, ప్రెజరు ప్లేటు. హెడ్డు విప్పినచో టాపెట్ల సందు. ముట్టని గేరుబాక్సును మొదట అనుమానించుట న్యాయము కాదు. అయితే ఈ సూత్రమునకు అపవాదము కలదు. అది కథ చివర వచ్చును.

వృద్ధుని రెండవ ప్రశ్న వణకును గూర్చినది. "నిదానంగా తిరిగేటప్పుడు ఎక్కువా, వేగం పెంచితే ఎక్కువా?" నిదానముగా తిరుగునప్పుడే ఎక్కువ యని రైతు చెప్పెను.

ఇచ్చట కొంచెము లెక్క చెప్పుకొనుట అవసరము. నాలుగు ఘట్టముల ఇంజనులో ఒక్కొక్క సిలిండరు రెండు చుట్లకు ఒకమాఱు పేలును. మూడు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 600 చుట్లు తిరుగుచుండగా ఒక్కొక్కటి సెకనుకు 5 మాఱులు, మూడును కలిసి 15 మాఱులు పేలును. పదునైదు దెబ్బలు సమముగా పడినచో చెవికి ఒకే మ్రోతగా తోచును. ఒక సిలిండరు పని మానినచో సెకనుకు 5 మాఱులు ఖాళీ పడును. ఆ ఖాళీయే మనిషి దేహమునకు వణకుగా తెలియును. వేగము పెరిగిన కొలదిని ఫ్లైవీలు బరువు ఆ ఖాళీని మ్రింగివేయును గనుక వణకు తగ్గినట్లుండును. దీనికి విరుద్ధముగా, ఫ్లైవీలో క్లచ్చియో బరువు ఒక వైపునకు ఒరిగి యున్నచో వచ్చు వణకు వేగముతో పాటు పెరుగును. వేగము రెండింతలైన లాగుడు నాలుగింతలగును. కనుక నిదానములో హెచ్చి వేగములో తగ్గు వణకు మండుటలోని లోపమును సూచించును. వేగములో హెచ్చునది తిరుగుటలోని లోపమును సూచించును. ఈ ఒక్క భేదము తెలిసియున్నచో ఆయిలు తొట్టి రెండుమాఱులు విప్పవలసిన పని యుండెడిది కాదు.

పిదప వృద్ధుడు క్లచ్చి త్రొక్కించి చూచెను, మార్పు లేదు. క్లచ్చి త్రొక్కినప్పుడు మాత్రమే వచ్చు చప్పుడు రిలీజు బేరింగుది. త్రొక్కినప్పుడు పోవు చప్పుడు గేరుబాక్సు లోపలికి పోవు షాఫ్టు బేరింగుది. రెండును కావు గనుక దోషము ఇంజనులోనే యున్నదని తేలినది. ఈ పరీక్షకు ఖర్చు లేదు, పానా కూడ అక్కఱలేదు.

అప్పుడు మాత్రమే ఆయన పానా అడిగెను. ఇంజను నిదానముగా తిరుగుచుండగా మొదటి నాజిలునకు పోవు డీజిలు గొట్టము నట్టును కొంచెముగా వదులు చేసెను. ఆ సిలిండరునకు డీజిలు అందక ఇంజను కుంటువడెను. అనగా మొదటి సిలిండరు పని చేయుచున్నదన్నమాట. బిగించి రెండవదానిని వదులు చేసెను. ఇంజను వేగము తగ్గలేదు. ఆ సుత్తి దెబ్బ మాత్రము ఆగిపోయెను. మఱల బిగింపగా దెబ్బ తిరిగి వచ్చెను. మూడవది మొదటి దానివలెనే ఉండెను.

ఇది చూచి ఇంటికి పోయి చేయగోరువారికి ఒక హెచ్చరిక. ఆ గొట్టములోని డీజిలు ఒత్తిడి సామాన్యము కాదు. సన్నని చిమ్ము చర్మమును చీల్చి లోపలికి చొచ్చుకొనిపోగలదు. పైకి సూదిపోటువలె కనబడినను చేయి పోవునంతటి అపాయము. అట్లు జరిగినచో క్షణము జాగు చేయక ఆసుపత్రికి పోవలెను. వ్రేలు అడ్డుపెట్టి చూడరాదు. నట్టును పూర్తిగా తీయరాదు. భుజముపై కండువాతో ఫ్యాను దరికి వంగరాదు. ఎన్నో యేండ్ల అనుభవము గలవారు సైతము కండువా చేతనే చెడిరి.

రెండవ సిలిండరులో దోషమని తేలినను, పిస్టనా, బేరింగా, నాజిలా యనునది ఇంకను తేలలేదు. వృద్ధుడు ఇంజను ఆపించి, రెండవ నాజిలును మూడవ చోటను, మూడవదానిని రెండవ చోటను బిగింపజేసెను. మఱేదియు ముట్టనీయలేదు. ఒకేమాఱు నాలుగు మార్పులు చేసినచో చప్పుడు పోయినను ఏ మార్పు వలన పోయినదో ఎవ్వరికిని తెలియదు. మఱల స్టార్టు చేయగా దెబ్బ మూడవ సిలిండరునకు మాఱినది. దోషము నాజిలు వెంట నడచినది గనుక పిస్టను, బేరింగు నిర్దోషులు. వానిని వట్టి అనుమానముతో రెండుమాఱులు విప్పినారు.

ఆ నాజిలును పరీక్షించు యంత్రముపై పెట్టి చూడగా సూది పట్టివేసి యున్నది. డీజిలు మంచువలె చిమ్ముటకు బదులు చుక్కలుగా కాఱుచున్నది. లోపల ఇసుక రేణువు కనబడెను. పంపు ఆటోనగరునకు పోయి వచ్చు వఱకు ఆ గొట్టముల నోళ్లు మూతలు లేకయే బల్లపై పడియున్నవి. కుఱ్ఱవాడు తల వంచుకొని, "గొట్టాలు అక్కడ పెట్టింది నేనే. మూతలు పెట్టాలని నాకెవరూ చెప్పలేదు" అనెను. మెకానిక్కు కొంత సేపు మాటాడక, "చెప్పకపోవటం నా తప్పు" అనెను. ఆ మాట అనుట వానికి సులభము కాలేదు. కుఱ్ఱవాడు మఱునాడు పనికి వచ్చెను.

కాఱుచున్న నాజిలు సుత్తివలె కొట్టుట ఎట్లనగా: డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. 1897లో జర్మనీ దేశమున ఆగ్సుబర్గు నగరములో రుడాల్ఫు డీజిలు నడపి చూపిన ఇంజను మొదలు నేటి వఱకు సూత్ర మొక్కటే. గాలిని గట్టిగా అణచినచో పుట్టు వేడిమికే చమురు అంటుకొనును. చిమ్మిన చమురు అంటుకొనుటకు లిప్తపాటు పట్టును. చుక్కలుగా పడిన చమురు ఆలస్యముగా అంటుకొని, కూడినదంతయు ఒక్క పెట్టున భగ్గుమనును. పిస్టను నెత్తిపై పడు ఆ పెట్టే మనకు వినబడు దెబ్బ. పంపును గుర్తు తప్పి బిగించి చమురు వేళకు ముందే చిమ్మునట్లు చేసినను అన్ని సిలిండర్లలోను ఇట్టి దెబ్బయే వినబడును. వేళ దాటి చిమ్మినచో దెబ్బ తగ్గి పొగ హెచ్చును, బలము తఱుగును. అందుచేతనే పంపు అంచుపైన, అది కూర్చుండు చోటను తయారుచేసినవారు గీత గీసి యుందురు. ఆ రెండు గీతలును కలియవలెను.

అన్ని దెబ్బలును ఇంత స్వల్పములు కావు. క్రాంకు మెయిను బేరింగు దెబ్బ బరువు లాగునప్పుడు క్రింది నుండి దూరపు ఉఱుమువలె గంభీరముగా వచ్చును. కనెక్టింగు రాడ్డు బేరింగు దెబ్బ అంతకంటె పదునుగా నుండి, వేగమును వదలిన క్షణమున స్పష్టపడును. ఈ రెంటితో ఆయిలు ఒత్తిడి చూపు ముల్లు కూడ దిగినచో ఇల్లు చేరుదమని ఆశపడరాదు. ఉన్న చోటనే ఇంజను ఆపవలెను. రాడ్డు మూతలు ఒకదానిది మఱియొకదానికి మార్చి బిగించినచో క్రొత్త బేరింగులైనను నిలువవు. ప్రతి రాడ్డునకును దాని మూతకును ఒకే అంకె కొట్టబడి యుండుట అందుకొఱకే. చలిలో టకటక కొట్టి వేడెక్కిన పిదప తగ్గునది పిస్టను సందు ఎక్కువైనందున వచ్చు చప్పుడు. దానితో కొంతకాలము బండి నడువవచ్చును. కుట్టు మిషనువలె తేలికగా ఇంజను వేగమునకు సగము లయతో కొట్టునది టాపెట్టు. దానికి ఫీలరు గేజియు, తయారీదారుల పుస్తకములోని అంకెయు, అరగంట కాలమును చాలును. అన్నింటికంటె తఱచుగా వినబడునది ఇదే; అన్నింటికంటె ఎక్కువగా రైతును భయపెట్టి అనవసరపు ఖర్చు పెట్టించునదియు ఇదే.

చప్పుడు ఎచ్చటనో చెవికి అందనప్పుడు పొడవైన కఱ్ఱయో స్క్రూడ్రైవరో ఒక కొన ఇంజనుపై నుంచి రెండవ కొన చెవి దరిని నుంచి వినుట డ్రైవర్ల వాడుక. 1816లో పారిసు నగరమున లెనెక్కు అను వైద్యుడు రోగి గుండె చప్పుడు వినుటకు కాగితమును గొట్టముగా చుట్టినాడు. అదియే నేటి స్టెతస్కోపునకు తాత. మన డ్రైవరు కఱ్ఱయు ఆ వంశములోనిదే యనవచ్చును. తిరుగు భాగములకు దూరముగా నిలిచి వినవలెను.

కార్లు నడుపువారికొక మాట. 1957 మొదలు 2014 వఱకు తయారైన అంబాసిడరు కారులో ఇంజను రబ్బరు దిండ్లపై కూర్చుండును. మరమ్మతులో ఆ దిండు చినిగినను, బోల్టు వదులైనను వణకు అంతయు బండికి ప్రాకును. ట్రాక్టరునకు ఆ దిండ్లే లేవు. ఇంజను, గేరుబాక్సు, వెనుక ఇరుసు కలిపి బిగించినదే దాని వెన్నెముక. కనుక ట్రాక్టరు వణకునకు రబ్బర్లు వెదకువానిని నమ్మరాదు. కారునకు పొడవైన ప్రొపెల్లరు షాఫ్టు గలదు. గేరుబాక్సు దింపి ఎక్కించునపుడు గుర్తు పెట్టుకొనక దానిని త్రిప్పి బిగించినచో నిలిచియున్న కారు నిశ్చలముగా నుండి, దారిపై వేగము హెచ్చినప్పుడు వణకును. ఇంజను వేగము మార్చినను మాఱక, దారి వేగముతోనే మాఱు వణకు ఇంజనుది కాదు.

ఇక రైతు ట్రాక్టరు సంగతి. నాజిలు మార్చి, గొట్టములు కడిగించి, గాలి తీసి నడిపించిరి. దెబ్బ పోయినది, నిదానములో వణకు పోయినది. అయితే ఒక వేగము వద్ద మాత్రము బోనెట్టు జివ్వుమని మ్రోగి, ఆ వేగము దాటగానే ఊరకుండెను. వీణ తంత్రి తన శ్రుతి తగిలినపుడే మ్రోగునట్లు, ప్రతి రేకునకును తనదైన శ్రుతి యుండును. సైలెన్సరు పట్టీ బోల్టు ఒకటి పెట్ట మఱచిరి. అది బిగింపగా ఆ మ్రోతయు నిలిచెను.

బండి దారిన పడిన పిదప రైతు మఱల ఆందోళన పడెను. వెనుక చక్రముల నుండి ఊఁ యను హోరు వచ్చుచున్నది. మునుపు లేదని రైతు వాదము. వృద్ధుడు ట్రాక్టరు మీద కూర్చుండి కరకట్టపై కొంత దూరము పోయి వచ్చి నవ్వెను. "ఇది ఎప్పుడూ ఉంది బాబూ. నీ ఇంజను గోలలో నీకు వినపడలేదు." ఇందాక చెప్పిన అపవాద మిదియే. మరమ్మతు వలన పుట్టిన చప్పుళ్లు కొన్ని. మరమ్మతు వలన బయటపడిన చప్పుళ్లు కొన్ని. పెద్ద గోల తగ్గినచో చిన్న గోలలు వినబడును. అంతేకాదు, ఇంజనుకు క్రొత్త బలము వచ్చినచో అఱిగిపోయిన గేర్లు, క్లచ్చి మొదలగునవి ఆ బలమునకు తాళలేక మొఱపెట్టును. వానికి మెకానిక్కును దోషిని చేయరాదు; అట్లని చూడకయు విడువరాదు. హోరు వచ్చినది టైరు కట్ల నుండియా, ఇరుసు బేరింగు నుండియా యని వృద్ధుడు చక్రము పైకెత్తించి చేతితో త్రిప్పి చూచెను. గరగర లేదు, ఊగు లేదు. టైర్లే.

నాటినుండి ఆ రైతు పనిముట్ల పెట్టెలో ఒక నోటుపుస్తకము ఉంచెను. ఏ తేదీన ఏమి విప్పినది, ఏమి క్రొత్తగా వేసినది, ఏ గుర్తు ఎచ్చట నున్నది అందులో వ్రాయబడును. పొలమునకు అడంగలు వలె బండికి ఇది అడంగలు. మెకానిక్కు మాఱినను, డ్రైవరు మాఱినను, "ఏమేం విప్పారు" అను ప్రశ్నకు "అన్నీ" యని చెప్పవలసిన పని లేదు. ఇట్లే మన గ్రంథాలయపు అలమరలో ట్రాక్టర్ల తయారీదారులు అచ్చువేసిన పుస్తకములు కొన్ని చేర్చుట యుక్తముగా నుండును. టాపెట్టు సందు ఎంతయో, హెడ్డు బోల్టులు ఏ వరుసను బిగింపవలెనో ఆ పుటలు చెప్పును. ఇంగ్లీషు రానివారికి చదివి చెప్పగల యువకులు ఊరిలో ఉన్నారు.

పర్మిట్టు గడువు రెండు దినములుండగా చెఱకు నఱికిరి. ట్రక్కు నిండుగా వేసుకొని బండి కరకట్ట మీదుగా ఉయ్యూరు చేరినది. తూకము చీటీ తీసికొని తిరుగుదారిలో రైతు మెకానిక్కు దుకాణము వద్ద ఆగి బాకీ చెల్లించెను. గొట్టముల నోళ్లకు కుఱ్ఱవాడు గుడ్డపీలికలు కట్టుచుండెను. టైర్ల హోరు ఇప్పటికిని ఉన్నది. రైతు దానిని మాన్పించు యత్నము చేయలేదు.